ఆపే మీట లేని ఆకాశం

మా అన్న భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు. నేను మహబూబాబాద్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. మా మధ్య ఫోన్లు నెలకు రెండు, పండగ ఉంటే మూడు. డైరీలో గుర్తు పెట్టుకుంటాను కనుక ఇది అంచనా కాదు. కిందటి నెలలో మాత్రం ఒకే రోజు నాలుగుసార్లు చేశాడు. మొదటిసారి ఎత్తగానే, "చెల్లె, మన ఓడ దొరికింది," అన్నాడు.

ఏ ఓడ అని నేను అడగలేదు.

జనగామలో మా ఇంటి ముందు గదిలో, పాత దుప్పటి కప్పిన ఒక కంప్యూటరు ఉండేది. అది నడిచినంతసేపు అవ్వ కూలరు బంద్ చేసేది. రెండూ ఒక్కసారి వేస్తే ఫ్యూజు పోయేది. అప్పుడు నేను ఇంటరు, అన్న డిగ్రీ. అందులో ఉన్నది ఒకే ఒక్క ఆట: అంతరిక్షంలో చిన్న సరుకు ఓడను ఒక మజిలీ నుంచి ఇంకొక మజిలీకి నడపడం. మజిలీల అసలు పేర్లకు నోరు తిరగక, అన్న వాటికి బస్సు బోర్డుల మీది పేర్లు పెట్టాడు. బయలుదేరే చోటు జనగామ. తరువాత కురవి, ఆ తరువాత కొత్తగూడ. పటం చిట్టచివర, రెండు గీతలు కలిసేచోట, ఇంధనం దొరకని ఒంటరి చుక్క కాళేశ్వరం. అక్కడికి పోవడమే మా లక్ష్యం.

అన్న నడిపేవాడు, నేను నోటుపుస్తకం పట్టుకునేదాన్ని. ప్రతి మజిలీ ముందూ అన్న ఆపే మీట నొక్కి, "లెక్క చెప్పు" అనేవాడు. ఆకాశమంతా నిలిచిపోయేది. దూరానికెంత ఇంధనమో నేను తేల్చేదాకా ఒక్క రాయి కూడా కదిలేది కాదు. ఇట్లా పద్నాలుగు నెలలు. ఓడను నేను ఎన్నడూ నడపలేదు. అడిగితే, "లెక్కలదానివి, నీకెందుకే స్టీరింగు" అనేవాడు. ఆట దాచిన ఫైలుకు ఫ్లాపీలో నకలు తీసిపెట్టమని ప్రతి ఆదివారం నేను గుర్తు చేసేదాన్ని. అన్న ప్రతి ఆదివారం రేపు అనేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అన్న కాలేజీకి పోయినప్పుడు నేను అతని కుర్చీలో కూర్చున్నాను. కొత్తగూడలో ట్యాంకు నింపాను: అరవై పాళ్ళు. కాళేశ్వరానికి ముప్పై ఎనిమిది. మిగులు ఇరవై రెండు అని పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు కొట్టి, బయలుదేరాను. చేరాను కూడా. ఓడను వెనక్కి తిప్పినప్పుడు గాని, తిరుగుదారికీ ముప్పై ఎనిమిదే కావాలన్న సంగతి తోచలేదు. పదహారు తక్కువ. నడిదారిలో ఇంజను చల్లబడింది. ఆ ఆటలో ఆగిన ఓడను కాపాడేవారుండరు. పైగా ఆట ఆ స్థితినే తనంత తానుగా దాచుకుంది. భయపడి నేను ఫైలునే తీసేశాను. అన్న రాగానే, "కరెంటు పోయింది, ఫైలు పాడైంది," అన్నాను. కూలరు పుణ్యమా అని అన్న నమ్మాడు. డైరీలోనూ అదే రాశాను. ఇన్నేళ్ళ డైరీలలో తెలిసి రాసిన తప్పు అదొక్కటే.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. నిందంతా తన మీద వేసుకున్నాడు. నా పెళ్ళి పందిట్లో కూడా అందరికీ చెప్పాడు: "మా చెల్లె నకలు తియ్యి, నకలు తియ్యి అని మొత్తుకుంది. నేనే వినలే. నా చేతుల ఏదీ నిలువది." అందరూ నవ్వారు. ఆ ఆఖరి మాట తరువాత చాలాసార్లు నవ్వు లేకుండానే అన్నాడు, ఇంట్లో ఏది చెడినా.

ఇప్పుడు ఆ ఆటను మరవలేనివాళ్ళు, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, దాన్ని విప్పి, ఎందరైనా ఒకే ఆకాశంలో తిరిగేటట్టు మళ్ళీ అల్లారట. ఆదివారం ఉదయం పదింటికి ఇద్దరం ఫోను పక్కన పెట్టుకుని ఆట తెరిచాం. ఓడ తలుపు మూసుకునే ఆ ముతక చప్పుడు వినగానే, వేడెక్కిన దుమ్ము వాసన, చెమట, ముందు గది, అన్నీ వచ్చి నా చుట్టూ కూర్చున్నాయి. అన్నది ఆకుపచ్చ చుక్క, నాది పసుపు.

ఈసారి కొత్తగూడలో ట్యాంకుతో పాటు ఇరవై పాళ్ళ పీపా కూడా ఎక్కించాను. మొత్తం ఎనభై, రానుపోను డెబ్బై ఆరు, మిగులు నాలుగు. దారిలో ఒకసారి సరిచూసుకుందామని ఆపే మీట నొక్కి పుస్తకం మీదికి వంగాను. తల ఎత్తేసరికి ఓడ దారి తప్పి దూసుకుపోతున్నది. నేను గుణించినంతసేపూ ఇంజను మండుతూనే ఉంది. అంతమంది తిరిగే ఆకాశాన్ని నా ఒక్కదాని కోసం ఎవరు ఆపుతారు? తిప్పలు పడి ఓడను ఆపేసరికి పీపాతో కలిపి ఇంధనం మిగిలింది మూడు పాళ్ళే.

"గీ ఆటల ఆగుడు లేదే పిల్లా!" అన్న ఫోనులో పగలబడి నవ్వాడు. "ఉన్నకాడనే ఉండు, నా పీపా తెచ్చి పోస్త. ఇప్పుడు ఒకలకొకలు పోసుకోవచ్చు. ఆ రోజు కరెంటు పోకుంటే..."

"పోలే అన్నా."

"ఏంది పోలే?"

"కరెంటు. నేనే నడిపిన. కాళేశ్వరం పోయిన, వచ్చుడు లెక్క మరిచిన. ఓడ ఆగిపోయింది. భయమై ఫైలు నేనే తీసేసిన."

నా వైపు వస్తున్న ఆకుపచ్చ చుక్క నిలిచిపోయింది. ఫోనులో వాళ్ళింటి కుక్కరు మూడుసార్లు కూసింది.

"ఇరవై రెండేండ్ల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న గదనే."

"తెలుసు."

"నీ పెండ్లిల గూడ అందరి ముందట చెప్పిన."

"విన్న. పీట మీదనే ఉన్న గదా."

అన్న నవ్వలేదు. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. కాని, "అయితే చేరినవన్నట్టు," అన్నాడు.

"చేరిన."

"ఎట్లుంటది?"

ఆ మాట నన్ను ఎవరూ అడిగే వీలు లేకుండా నేనే చేసుకున్నాను. "రెండు దుమ్ము పాయలుంటయి. ఒకటి ఎర్రగ..."

"ఆగు, చెప్పకు. జర నన్ను చూడనియ్యి."

చుక్క మళ్ళీ కదిలింది. పక్కకు వచ్చి, పీపా మొత్తం నా ట్యాంకులో పోశాడు. "ఇంకోటి. వచ్చే నెల నా బిడ్డ పెండ్లిల ఈ కత నేను చెప్ప. జనగామోళ్ళందరి ముందట నువ్వే చెప్పాలె."

"చెప్త."

"లెక్క చెప్పు మరి. ఇద్దరికి, రానుపోను."

"నూట యాభై రెండు. ముందుగాల కొత్తగూడకు మర్లిపోయి నింపుకోవాలె."

ఆ రోజు కాళేశ్వరం చేరలేదు. కొత్తగూడలో ఓడలు కట్టేసేసరికి, వదిన అన్నను అన్నానికి పిలవడం ఫోనులో వినిపించింది. నేను బీరువా తెరిచి ఆ ఏటి డైరీ తీసి, మే నెల పుట తిప్పాను. పాత వాక్యాన్ని కొట్టివేయలేదు. దాని కింద ఆ ఆదివారం తేదీ వేసి, కరెంటు పోలేదు అని రాశాను.