డిజైనరమ్మ కొన్న ప్రాసెసర్

వీధిలో అందరూ ఆమెను డిజైనరమ్మ అంటారు. బట్టలు కుట్టే మనిషేమో అనుకుని చొక్కా గుడ్డలు పట్టుకుని తలుపు తట్టినవాళ్ళూ ఉన్నారు. ఆమె చేసేది పళ్ళు. అరిగిన పంటికి తొడుగులు, ఊడినవాటి చోట కట్టుడు పళ్ళు, ఒక్కోసారి దవడ దవడంతా కంప్యూటర్లో తీర్చిదిద్ది ల్యాబుకు పంపుతుంది. అక్కడ యంత్రం వాటిని చెక్కుతుంది. పెళ్ళికి ముందు అదే ల్యాబులో మైనంతో, చిన్న కత్తితో చెక్కేది. స్కానర్లు వచ్చి చేతిపని మూలనపడ్డప్పుడు చాలామంది దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఈవిడ మాత్రం మౌసుతో కుస్తీపట్టి, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నేర్చుకుంది. ఎవరి నోట్లో ఏ పన్ను ఎటు ఒరిగిందో చూసింది చూసినట్టు చెప్పగలదు గానీ, ఆ నోటి తాలూకు మనిషి ఎదురుపడితే ఎవరో తెలియదు.

ఇంత పనిమంతురాలికీ తనదంటూ ఒక కంప్యూటర్ లేదు. మొదటిది అన్నయ్య వాడి వదిలేసింది. రెండోది వాళ్ళాయన ఆఫీసులో తీసిపారేస్తుంటే ఇంటికి తెచ్చింది. ఇప్పుడున్నది మరిది ఆటలాడి ఆడి విసుగొచ్చి ఇచ్చింది. దాన్ని ఆన్ చేస్తే గదంతా రంగురంగుల లైట్లు. వాటిని ఆర్పడం ఎలాగో మరిదికే తెలియదు. "నీకిది చాల్లే" అంటూ ముగ్గురూ ఇచ్చారు. మూడూ చాలలేదు.

ల్యాబు యజమాని మంచివాడే. మంచిగానే చెప్పాడు. "పూర్తి దవడ పని ఏ రోజుది ఆ రోజు పంపాలమ్మా. నీ చెయ్యి బాగుంది, నీ మిషనే బాగాలేదు. ఇలాగైతే వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదు."

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది. "కంప్యూటర్‌ని నడిపే కొత్త ప్రాసెసర్లు వచ్చాయట. ఈసారి నా డబ్బుతో నేనే కొనుక్కుంటాను. నాకు నచ్చింది."

అందరి చెవులకూ ఆ మాటల్లో 'కొత్త' ఒక్కటే వినబడింది.

ఇక మొదలైంది గోల. ప్రాసెసర్లు చేసే కంపెనీలు రెండు, ఆమె అన్నయ్య నీలం డబ్బా కంపెనీ భక్తుడు. మరిది ఎర్ర డబ్బా కంపెనీ వీరాభిమాని. ఆ కంపెనీలవాళ్ళు వీళ్ళ మొహం ఎన్నడూ చూసి ఉండరు, అయినా వాటి పరువు తమ పరువే అన్నట్టు కొట్టుకుంటారు. ఆదివారం అన్నయ్య వచ్చి బట్టతల తుడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నాడో లేదో, మరిది హెల్మెట్‌తోనే గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"చెల్లాయ్, కళ్ళు మూసుకుని నీలం తీసుకో. ఇన్నేళ్ళుగా నా ఆఫీసంతా దాని మీదే నడుస్తోంది."

"నడుస్తోందా, పాకుతోందా బావగారూ? వదినా, ఆయన మాట విన్నావో నిండా మునిగినట్టే! ఈ ఏడు ఎర్రదే."

"నువ్విచ్చిన ఆ లైట్ల సంబరం చూస్తూనే ఉన్నాంలేవయ్యా!"

డిజైనరమ్మ భర్తకు ఈ విషయంలో ఏ పక్షమూ లేదు. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, "ఏదైనా పెద్దది చూసి తీసుకోవే, పడుంటుంది" అన్నాడు.

ఆమె లేచి పనిలో పడింది. మర్నాడు తన దగ్గరున్న వాటిలోకల్లా బరువైన దవడ ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బజారులో కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళింది. "మీరు చూపించే పరీక్షలు నాకొద్దండీ. నా పని వీటి మీద చేసి చూస్తాను" అంది. కొట్టాయన కాస్త వింతగా చూశాడు గానీ, చూపించడానికి పెట్టిన మిషన్లన్నిటి మీదా చేసుకోనిచ్చాడు.

నీలం వాటిలో పైరకం గట్టిదే. దవడను చిటికెలో తిప్పింది, కానీ దాని ఫ్యాను మిక్సీలా అరిచింది. ఎర్రవాటిలో పైదీ అంతే. ఆమె పనిచేసేది అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసే గదిలో, ఒక్క కిటికీ గదిలో. చప్పుడూ పనికిరాదు, వేడీ పనికిరాదు. ఎర్రవాటిలోనే నడిమిరకం ఒకటుంది. కాస్త నెమ్మది, అయితే గుట్టుగా, చల్లగా పనిచేసుకుపోయింది. ఆమె చెయ్యి దాంతో ఇట్టే కలిసిపోయింది.

"ఇదే కావాలి" అంది.

"కావాలంటే సరా అమ్మా, సరుకేదీ? ఇవి చూపించడానికే. ఊళ్ళో ఎక్కడా దొరకట్లేదు. వచ్చే సోమవారం అన్ని రకాలూ కలిపి రెండో మూడో వస్తాయన్నారు. అట్టిపెట్టడాల్లేవు, ముందొచ్చినవాళ్ళకి ముందు."

సోమవారం సరుకొస్తుందన్నంతవరకే ఇంట్లో చెప్పింది, అన్నయ్యకూ ఆ కబురు చేరింది. సోమవారం ఇంటిపని ముగించుకుని ఆదరాబాదరాగా వెళ్ళేసరికి కొట్టాయన చేతులెత్తేశాడు.

"మూడే వచ్చాయమ్మా, మూడూ పోయాయి. తలుపు తీయకముందే ముగ్గురు మగాళ్ళు నిలబడ్డారు. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఎంత కంగారుపడ్డారనుకున్నారు! బట్టతలాయన నీలం పైది, దాన్ని బిగించుకునే బోర్డుతో సహా పట్టుకెళ్ళాడు. హెల్మెట్ తియ్యకుండానే ఇంకో కుర్రాడు మీరడిగిన ఎర్రది లాక్కున్నాడు. మూడో ఆయన, పాపం, 'అన్నిటికన్నా పెద్ద డబ్బా ఇవ్వండి' అన్నాడు."

ఆ ముగ్గురూ ఎవరో డిజైనరమ్మకు బోధపడింది. ఊరికి వచ్చిన కరువులో తన వాటా కరువు సొంత ఇంట్లోనే పుట్టింది.

ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద మూడు డబ్బాలున్నాయి. ముగ్గురూ చుట్టూ కూర్చుని మూతులు ముడుచుకున్నారు. ఎవరికి వారు ఆమెను ఆశ్చర్యపరుద్దామనుకున్నవాళ్ళే. భర్త తెచ్చిన డబ్బా అన్నిటికన్నా పెద్దది. అందులో ఉన్నది అన్నిటికన్నా చిన్న ప్రాసెసర్. చిన్నరకాలతో ఫ్యాను కూడా కలిపి ఇస్తారు కనుక డబ్బా లావుగా ఉంటుందని, ఆమె వచ్చేలోపే మరిది ఆయనకు చెప్పి నవ్వాడు.

"తెరువు వదినా!" అన్నాడు మరిది, ఎర్ర డబ్బా ముందుకు తోసి.

అది ఆమె ఎంచుకున్నదే. అక్షరం తేడా లేదు. సీలు తీస్తే చాలు, రేపటి నుంచి దవడలు ఏ రోజువి ఆ రోజు వెళ్ళిపోతాయి. ఆమె చెయ్యి డబ్బా మీదికి వెళ్ళింది, అక్కడే ఆగింది.

"దీని డబ్బు తీసుకో" అంది.

"ఛ, నీ దగ్గర డబ్బు తీసుకుంటానా! నేను చెప్పిందే నీకు నచ్చింది, అది చాలు."

"నువ్వు చెప్పావని కాదు..." అంటుంటే అన్నయ్య అందుకున్నాడు. "నీకోసమే కదమ్మా మేం తెల్లారకుండా వెళ్ళి నిలబడింది!"

"అవునన్నయ్యా, నాకోసమే. ఎప్పుడూ నాకోసమే. నీకేం కావాలని మాత్రం ఎవ్వరూ అడగలేదు." ఆమె ఎర్ర డబ్బాను వెనక్కి తోసింది. కోపమూ ఉంది, వాళ్ళ మీద ప్రేమా ఉంది. "ఇది తెరిస్తే మళ్ళీ మరిది ఇచ్చిన కంప్యూటరే అవుతుంది. మూడూ వెనక్కిచ్చేద్దాం, పదండి. నాది నేను కొనుక్కుంటాను."

"మళ్ళీ దొరకదే!" అన్నాడు భర్త.

"తెలుసు."

కొట్లో జనం ఉన్నారు. డబ్బాలు బల్ల మీద పెట్టేసరికి కొట్టాయన నోరు వెళ్ళబెట్టాడు. ముగ్గురూ తలలు వంచుకుని వెనక్కిచ్చేశారు. డిజైనరమ్మ వెళ్ళి వరుసలో నిలబడింది. ఆమెకు ముందు నెరిసిన గడ్డంతో ఒకాయన ఉన్నాడు. ఎర్ర డబ్బా తిప్పి చూసి, "ఇది నాకివ్వండి" అన్నాడు.

"అది మాదండీ!" అని మరిది దూకబోతే ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఆయన ముందొచ్చాడు."

డబ్బా వెళ్ళిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు, కొంగుతో తుడుచుకుని బయటికి నడిచింది.

మర్నాడు ల్యాబుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. పూర్తి దవడలు వేరే ఆమెకు వెళ్ళాయి. చిన్నా చితకా తొడుగులు ఈమెకు మిగిలాయి. ఇంట్లో ఎవరూ దెప్పలేదు. మరిది మాత్రం ఎర్ర కంపెనీ ఊసే ఎత్తడం మానేశాడు, అది చాలా పెద్ద త్యాగం.

మళ్ళీ సరుకొచ్చిన రోజున కొట్టు తలుపు ముందు మొదటి మనిషి ఆమే. ఆ నడిమిరకం ఎర్రది బిగించిన కొత్త మిషన్ నడుస్తుంటే మధ్యాహ్నం అత్తగారు మంచం మీద నుంచి, "అదేమిటే, పాడైపోయిందా? చప్పుడే లేదు!" అంది. దవడ పనులు తిరిగొచ్చాయి, అన్నీ కాదు, సగం. ఆ మిగతా సగం పోయినందుకు ఆమెకు బాధగానే ఉంది. ఆ డబ్బాను వెనక్కిచ్చినందుకు మాత్రం లేదు.

కొన్నాళ్ళకు అన్నయ్య వచ్చాడు. ఆమె పక్కన నిలబడి, స్క్రీన్ మీద ఎవరిదో దవడ తిరుగుతుంటే కాసేపు చూశాడు.

"చెల్లాయ్, నా ఆఫీసు మిషన్ చచ్చిపోయింది. ఏది కొనమంటావు?"

ఆమె మౌసు వదిలి అతనివైపు తిరిగింది. "నువ్వు దానిమీద రోజూ ఏం పని చేస్తావన్నయ్యా?"

అన్నయ్య బట్టతల నిమురుకున్నాడు.

"ఈ మాట నేను నిన్నెప్పుడూ అడగలేదు కదమ్మా."

"అడగలేదు" అందామె. "కుర్చీ ఇలా లాక్కో. చెప్పు, వింటాను."