మిసావో అక్క అతికించిన గోడ కాగితం

"కొత్త ఇంట్లోకి దిగేముందు గోడలకి కాగితం మార్చకపోతే ఏమంటారే మన వీధిలో? పాతవాళ్ళ దిగులు మధ్యే పక్కేసుకుంది అనరూ? మరి నేను చేసిన తప్పేమిటో చెప్పు!"

మిసావో అక్క కుర్చీ ఎక్కి, గోడని తడిగుడ్డతో నానబెట్టి, అన్నం వడ్డించే చెక్క గరిటెతో కాగితాన్ని గీకుతోంది. దిగమంటే వినదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నేను కింద కుర్చీ పట్టుకొని నిలబడ్డాను.

కొరియాలో, బూసాన్ కొండవాలు వీధిలో ఆమె గుమ్మం పక్క గుమ్మం మాది. నెలకోసారి నువ్వుల నూనె మోసుకొని ఓడలో జపాన్‌లోని ఫుకువోకా వచ్చి అమ్ముకుపోతాను. అక్క పుట్టింది ఈ ఫుకువోకాలోనే. ఇరవై మూడో ఏట మా ఊరి మనిషిని చేసుకొని సముద్రం దాటింది. నలభై అయిదేళ్ళు మాలో ఒకతెగా బతికింది. ఆయన పోయాడు. ఇక్కడ చెల్లెలు ఫుసాయేకి ఈ ఏడు చూపు పూర్తిగా పోయింది. చెల్లెలి గదిలో ఒక్కరే ఉండాలని ఒప్పందం. పక్క గది ఖాళీ అయిందని తెలిసి, అక్క బూసాన్ ఇల్లు వదిలేసి వచ్చేసింది.

"అక్కడ ఉన్నదంతా ఊడ్చి ఒక్కసారే యజమాని చేతిలో పెట్టాం. నెలనెలా అద్దె మాటే లేదు. వచ్చేటప్పుడు అంతా తిరిగిచ్చాడు" అంది గీకుతూనే. "ఇక్కడ ముందే దండం పెట్టి ఓ నెల అద్దె కానుకగా ఇవ్వాలి. గుడి పెట్టెలో వేసినట్టే, మళ్ళీ రాదు. ఆపైన నెలనెలా అద్దె. అదైనా ఇస్తానంటే గది ఇచ్చేవాడేడీ? ఇళ్ళ బ్రోకరు కిటికీలో పాతిక గదుల చీటీలు అంటించి ఉంటాయి. వయసెంతండీ అంటాడు, ఒక్కరేనా అంటాడు, అయ్యో ఇప్పుడే అయిపోయాయండీ అంటాడు!"

గుమ్మం దగ్గర కూర్చున్న ఫుసాయే నవ్వింది. "ఏ కాగితమైనా నాకొకటే అక్కా. నీ గొణుగుడు ఉంటే చాలు, గది ఇదేనని తెలుస్తుంది."

ఆ మాట అన్నదే గానీ, చింపిన ముక్క ఒకటి ఒళ్ళో పెట్టుకొని, దాని మీది ఉబ్బెత్తు పువ్వుల్ని వేళ్ళతో తడుముతూనే ఉంది. బూసాన్ ఇంట్లో ఉన్నటువంటి కాగితమే. అక్క మూట కట్టి తెచ్చి, తాళంచెవి చేతికి రాగానే రెండు రోజుల్లో నాలుగు గోడలకీ తనే అతికించింది. అద్దెకి దిగినవాళ్ళు చేయాల్సిన పని అది, మా దగ్గర. ఇక్కడ మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. నెలాఖరుకి గోడ పాతగోడలా లేకపోతే గది ఖాళీ చేయమంది ఇంటావిడ కువబారా. ఇది పోతే ఈ చుట్టుపక్కల మరో గది దొరకదు. ఫుసాయే ఒంటరిదైపోతుంది.

మేం సగం గోడ గీకేసరికి కువబారా గారే మెట్లెక్కి వచ్చింది. ఆమెదీ డెబ్బై దాటిన వయసే. చెప్పులు విడిచి, బకెట్టులోని కాగితం ముద్దని కాసేపు చూసింది.

"దిగండి మిసావో గారూ, పడతారు. మిగతాది మనిషితో చేయిస్తాను. ఖర్చు మాత్రం మీదే."

"నా తప్పేనండీ. పుట్టిన ఊరి పద్ధతి మరిచిపోయాను."

"నేనొచ్చింది గోడ కోసం కాదు." ఆమె చేతిలో నింపాల్సిన అద్దె కాగితం ఒకటి ఉంది. "కింద చివరి గదిలో ఒకాయన ఉండేవాడు. పోయాక తొమ్మిది రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. తలుపు తీసింది నేనే." కాగితం అక్క ముందుకి చాపింది. "నేను ఫోన్ చేసినప్పుడు మీరు తీయకపోతే ఎవరిని పిలవాలి? మీ చెల్లెలికి చూపు లేదు కదా. కబురు చేస్తే ఓడెక్కి అయినా వచ్చే మనిషి పేరు కావాలి. ఈ గడి నిండితే ఉండండి."

కాగితం బల్ల మీద పెట్టి, తలవంచి దిగి వెళ్ళిపోయింది.

అక్క కుర్చీ దిగింది. గరిటె కడిగి, తుడిచి, దాని చోట పెట్టి, నావైపు తిరిగింది.

"అక్కడ డబ్బడిగారే సున్‌బోక్. ఇచ్చాక ఇంకేమీ అడగలేదు, ఉన్నావా పోయావా అని కూడా. ఇక్కడ మనిషిని అడుగుతున్నారు. డబ్బంటే అంతా వెనక్కి తెచ్చుకున్నాను. మనుషుల్ని మూట కట్టి తేలేను కదా."

ఫుసాయే వేళ్ళు పువ్వు మీద ఆగిపోయాయి.

మధ్యాహ్నం ఓడకి టైమైంది. నా సంచి అక్కే భుజానికి తగిలించింది. బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపింది. ఒప్పుకుంటావా అని అడగలేదు.

"నెలాఖరులోపు ఇంకో ఓడకి రావే. నూనె తేకపోయినా ఫరవాలేదు. సంతకం చోట వేసే నీ పేరు చెక్కిన ముద్ర మాత్రం మరిచిపోకుండా తీసుకురా."