విమానం గడియారం

ఆ ఉదయం మా బావి దగ్గర ఉన్నవి ఇవి: మా నాయన, ఇద్దరు కూలి ఆడవాళ్లు, నీళ్లు తోడే కపిలకు కట్టిన ఒక జత ఎద్దులు, అంబలి కుండ, ఇస్త్రీ చొక్కాలో నేను, జేబులో ఇంటర్వ్యూ కాగితం, చేతికి ఆగిపోయిన గడియారం.

కృష్ణగిరిలో ఓవర్సీయర్ పనికి ఇంటర్వ్యూ, పన్నెండు గంటలకు. డిప్లొమా చేతికొచ్చి రెండేళ్లయినా నేను కపిలే తోలుతున్నాను. మళ్లీ పిలుపు వస్తుందన్న ఆశ లేదు. బస్సు అత్తిముగంలో తొమ్మిదికి. అక్కడికి నడక నలభై నిమిషాలు.

మా ఊళ్లో సమయం చెప్పేది విమానం. బెంగళూరులో ఎనిమిదికి లేస్తుంది. మద్రాసుకు నూట ఎనభై మైళ్లు, గంటంబావు ప్రయాణం. మా ఉత్తరపు ఆకాశంలో కనబడేది ఎనిమిదీ పదికి. ఈ లెక్క కట్టింది నేనే. అది కనబడితేనే కూలీలు అంబలికి కూర్చునే అలవాటు చేసిందీ నేనే. అది కనబడగానే గడియారం సరిచేసుకుని బయలుదేరాలనుకున్నాను.

విమానం రాలేదు.

నాయన బావిగట్టు నీడ చూపించాడు. "నీడ రాయి దాటింది. పోప్పా. ఈడ నువ్వు నిలబడితే ఆడ బస్సు నిలబడదు."

నీడ నెలకో తీరుగా మారుతుందని, విమానం మారదని ఆయనకు వివరించాను. కూలి ఆడవాళ్లలో ఒకామె కుండ దగ్గరికి జరిగింది.

"ఆకలికి తెలిసిపోయిందప్పా. విమానానికే ఇంకా తెలీలేదు."

చివరికి విమానం కనబడింది. ముల్లు ఎనిమిదీ పదికి తిప్పి, కీ ఇచ్చి నడిచాను. అత్తిముగం చేరేసరికి నా గడియారంలో ఎనిమిదీ యాభై. టీ కొట్టు బెంచీ మీద నిమ్మళంగా కూర్చున్నాను. కృష్ణగిరి బస్సు కోసమని చెబితే కొట్టాయన గ్లాసు కడుగుతూనే అన్నాడు.

"అది పోయి అరగంట పైనే ఆయెనప్పా. ఇంక రెండింటికే."

బెంగళూరులో మంచు పట్టి విమానం ఆలస్యమైందని తర్వాత తెలిసింది. పటం మీద స్కేలు పెడితే అత్తిముగం నుంచి కృష్ణగిరి ఇరవై రెండు మైళ్లు. విమానానికి తొమ్మిది నిమిషాలు. నేను రెండింటి బస్సులో పోయేసరికి ఆఫీసులో కుర్చీలు ఎత్తేస్తున్నారు. పని వేరేవాళ్లకు ఇచ్చారని వారానికి కార్డు వచ్చింది.

కార్డు వచ్చిన మరునాడు నాయన ఎద్దుల పలుపు నా చేతికిచ్చాడు. విమానం సరిగ్గా ఎనిమిదీ పదికే వచ్చింది. కూలీలు దాన్ని చూడలేదు, నీడ చూసి అప్పటికే తినడం ముగించారు.

అది మద్రాసులో దిగేలోపు నేను ఎద్దుల వెంట కపిల బాట దిగి, వెనక్కి ఎక్కిన సార్లు యాభై. బాట పొడవు ముప్పై రెండు అడుగులు. పోనూ రానూ కలిపి నేను నడిచిన దూరం మూడు వేల రెండు వందల అడుగులు.