చెరుకు బండ్ల బారులో మా అవ్వ కేక

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ సైరన్ కూత నేర్చుకున్నది మా అవ్వ భూమవ్వ దగ్గరే. నమ్మనివాళ్లు వర్ని దారిన బండ్లు తోలిన ముసలాళ్లను అడగవచ్చు.

పంతొమ్మిది వందల అరవై రెండులో, చెరుకు కొట్టే రోజులు. గాలంతా ఉడికే రసం వాసన. వర్ని పక్క పల్లెలో భూమవ్వకు తొలికాన్పు నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని అంజవ్వ చేతులు కడుక్కుని, "ఇగ దేవుడే దిక్కు, నర్సన్నా" అన్నది మా తాతతో.

భూమవ్వకు ఇంకో దిక్కు తెలుసు. పటేల్ భార్య రుక్మాబాయి ఆ యేడే కారులో నిజామాబాదు వెళ్లి, నెల ముందే అక్కడ మకాం పెట్టి, కడుపు కోయించుకుని కొడుకుతో తిరిగొచ్చింది. ఆమెకు నీళ్లు పోసింది భూమవ్వే. ఆ కుట్లు కళ్లారా చూసింది.

"నన్ను గూడ గట్లనే కోయించు."

"గది పెద్దోళ్ల కాన్పే. మనకేడిది?" అన్నాడు తాత.

"ఆమెకు ఏడున్నదో నాకూ గాడనే ఉన్నది కడుపు. బండి గట్టు."

ఫ్యాక్టరీకని నింపిన చెరుకంతా వాకిట్లో కుమ్మరించి, ఆకు పరిచి, తాత బండి కట్టాడు. బోధన్‌లో సాయంత్రం రైలు అందాలి. బోధన్ ఇంకా రెండు మైళ్లుందనగా దారి నిండా చెరుకు బండ్లే. బారు తప్పితే వంతు పోతుంది, ఎవరూ కదలరు. పటేల్ కారుకైతే హారన్ ఉంది.

"జర జరుగన్నా" అని తాత బతిమాలితే, "అందరం జరగనీకే నిలబడ్డం" అన్నాడు ముందు బండి అయ్యూబ్.

అప్పుడు భూమవ్వ కేక వేసింది. అయ్యూబ్ ఎడ్లు వాటంతటవే దారి దిగాయి. అతను వచ్చి బండిలోకి తొంగిచూశాడు. తన బండిని అక్కడే వదిలి, "రాస్తా ఇయ్యుండ్రి, కాన్పు బండి" అంటూ ముందు పరుగెత్తాడు. కేక ఆగితే బండ్లు జరగడమూ ఆగేది. "ఇంకొకపారి ఒర్రవే" అని తాత బతిమాలేవాడట.

రైలు అందింది. నిజామాబాదులో కోశారు. మా బాపు పుట్టాడు.

రుక్మాబాయి తన కుట్లు తనంతట తాను ఎవరికీ చూపలేదు. భూమవ్వ డెబ్బైల దశకంలో కూడా, కాన్పు కష్టమైన ప్రతి ఇంటికీ వెళ్లి కొంగు తొలగించి చూపించి, పొద్దుండగానే బండి కట్టించేది. అంజవ్వ కోడలికి మాత్రం బండి ఆలస్యమైంది. ఆ పేరెత్తితే భూమవ్వ ఇప్పటికీ లేచి వెళ్లిపోతుంది.

నేను ఈ సైరన్ ముచ్చట రాసి చదివి వినిపిస్తే అవ్వ తమలపాకు నములుతూ విన్నది.

"ఒర్రకపోతే నీ బాపేడుండె, నువ్వేడుంటివి? రుక్మాబాయికి ఒక్కపారన్న ఒర్రే పని పడ్డదా, గది గూడ రాయి. రాసి, బర్రెకు కుడితి పెట్టు పో."