బాపును సింగపూర్ తీసుకెళ్దామనుకున్నాం

గోదావరిఖనిలో పుట్టిన పిల్లలు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బాంబులు పేలి కిటికీలు అదిరినా తలెత్తకుండా హోంవర్కు చేసుకుంటారు. మా అమ్మాయీ అంతే. అలాంటి పిల్ల ఒక సాయంత్రం ఫోన్‌లో ఏదో చూసి కెవ్వుమని అరిచింది. సింగపూర్‌లో ఒక థీమ్ పార్కు. పాతకాలపు గనిలా కట్టిన చీకటి సొరంగం, దుంగల ఆసరాలు, అక్కడక్కడ లాంతర్లు. పట్టాల మీద ఇనుప డబ్బాలు దూసుకుపోతున్నాయి. వాటిలో కూర్చున్న జనం చేతులు పైకెత్తి కేకలు పెడుతున్నారు.

పక్కన మంచం మీద ఉన్న మా బాపు వంగి చూశాడు. ఆయన భూగర్భ గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాడు.

"గిదేందే? టబ్బులల్ల మనుషులు గూసున్నరు?"

"రైడ్ తాతా. ఆట."

"టబ్బులు బొగ్గు మోసేటియి. మనుషులు ఎక్కొద్దు. ఎక్కితె చార్జిషీటు ఇస్తరు."

"అక్కడ టికెట్ కొనుక్కొని ఎక్కుతరు తాతా!"

"పైసలిచ్చా?" బాపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు దగ్గి, కళ్లు తుడుచుకొని మళ్లీ ఫోన్ కేసి చూశాడు. "మస్తు అలిసిపోయిన రోజు, ఆ ఏటవాలు ఎక్కలేక, ఒక్కసారి టబ్బుల కూలవడి పైకి పోతె ఎంత మంచిగుండు అనుకునేటోన్ని. ఒక్కనాడు ఎక్కలే. గక్కడికి పోతె ఎక్కనిస్తరా?"

"ముసలోళ్లను ఎక్కనియ్యరు మామా," అంది నా భార్య వంటింట్లోంచి, ఆటపట్టిస్తూ.

"గట్లయితె పక్కన నిలవడి చూస్త. నా మనవరాలు ఎక్కుతది."

సింగపూర్ ప్రయాణం అలా మొదలైంది. తాత లేకుండా తాను రానని అమ్మాయి ఆ రాత్రే తేల్చి చెప్పింది. బాపు ఊపిరితిత్తుల సంగతి డాక్టరు మాకు ముందే చెప్పి ఉన్నాడు. విమానం ఎక్కగలిగే రోజులు ఎక్కువ లేవు. తీసుకెళ్తే ఈ ఏడే తీసుకెళ్లాలి.

నేను కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ని. విదేశయాత్ర మా జీతాల వాళ్లకు లెక్కలో లేని మాట. అయినా గోదావరి దాటి మంచిర్యాలకు వెళ్లి, టికెట్లు బుక్ చేసే కుర్రవాడి ముందు కూర్చున్నాను. వానాకాలంలో వెళ్తే చవకన్నాడు. నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటే ఇంకా చవకన్నాడు. "పెద్దాయనకు పార్కు టికెట్ల కూడ తగ్గిస్తరు సార్, మీరు నష్టపోరు," అన్నాడు. నా భార్య అటుకులు, పులిహోర పొడి, సకినాలు, తొక్కు ఏ సంచిలో పెట్టాలో ఆలోచించడం మొదలుపెట్టింది. అక్కడి హోటల్లో ఒక్క పూటకు పెట్టే డబ్బుతో ఇక్కడ వారం తినొచ్చని ఎవరో చెప్పారు. కాబట్టి పార్కు లోపల నీళ్లు తప్ప ఏమీ కొనకూడదని మాట అనుకున్నాం.

మా ముగ్గురికీ పాస్‌పోర్టులు వచ్చాయి. బాపు మిగిలాడు.

ఎదురింటావిడ విషయం తెలిసి వచ్చి కూర్చుంది. హైదరాబాద్ దగ్గర ఒక గుడి ఉందట, చుట్టూ ప్రదక్షిణలు చేస్తే వీసా వస్తుందట. "తమ్మీ, నమ్మకపోతె పాయె, ఒక్కసారి పోయి తిరిగితె నీదేం పోతది?" అంది. పోయేది చాలా ఉంది అక్కా అన్నాను. చదువుకున్న పిల్లలు వేలమంది గుడి చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నారు. తమకు వీసా ఇచ్చేది, ఇవ్వనిది ఎవరో, ఏ కారణంతోనో అడగడం మానేసి తిరుగుతున్నారు. దేవుడికి సంతకం చేసే అధికారం ఉంటే ఆఫీసులెందుకు, అధికారులెందుకు? ఆవిడ టీ సగంలో వదిలి లేచిపోయింది. నా భార్య నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. అయినా నేను తగ్గలేదు. మా దారికి అడ్డం పడ్డది దేవుడు కాదు, పూర్తిగా మనుషులు చేసుకున్న పని.

బాపుకు రెండు పేర్లు. ఆ రెండూ ఇక్కడ రాయను. ఒకటి ఆయన పుట్టినప్పుడు పెట్టింది. రెండోది మా పెద్దబాపుది, అంటే ఆయన అన్నది. గనిలో ఉద్యోగం వచ్చింది పెద్దబాపుకు. మొదటి రోజు కిందికి దిగి, ఆ చీకటి చూసి, పైకి వచ్చి తిన్నగా ఊరికి పారిపోయాడు. నాగలి పట్టుకుంటాను గానీ ఆ బొందలో దిగనన్నాడట. ఇంటికి వచ్చిన ఉద్యోగం పోతుందని మర్నాడు హాజరు పిలిచే చోట తమ్ముడు నిలబడ్డాడు. అన్న పేరు పిలిచారు. బాపు చెయ్యెత్తాడు. అంతే. ఆ రోజుల్లో ముఖం ఎవరు చూశారు? పిలిస్తే పలికే మనిషి ఉంటే చాలు. ఈ బొగ్గుబాయిల చుట్టూ ఇలాంటి మారుపేర్ల మనుషులు ప్రతి వీధిలో దొరుకుతారు. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

పెద్దబాపు ఊళ్లో తన పేరుతోనే వ్యవసాయం చేసుకొని, తన పేరుతోనే చనిపోయాడు. ఆ రోజు బాపు సెలవు అడగలేకపోయాడు. అన్న చనిపోయాడని చెబితే, ఏ అన్న, ఏ పేరు అని అడుగుతారు. ఊళ్లో కాలిపోతున్న మనిషి పేరు పిలిస్తే గని దగ్గర చెయ్యెత్తి, కిందికి దిగి, డ్యూటీ అయ్యాక ఊరికి పోయాడు. అప్పటికి బూడిద మిగిలింది.

పింఛను అన్న పేరు మీదే వస్తుంది. ఆధార్ ఆ పేరు మీదే ఉంది. సొంత పేరు మా ఇంట్లో, ఊళ్లో, మనుషుల నోళ్లలో తప్ప ఎక్కడా లేదు.

కంపెనీ రికార్డుల్లో ఉన్న పేరు మీదే పాస్‌పోర్టు తీసుకుందామన్నాను. బాపు ఒప్పుకోలేదు. "చచ్చినోని పేరుతోని విమానం ఎక్కాల్నా?"

"పేరుల ఏమున్నది బాపూ? ఒక గుర్తు. కాయితం మీద ఏదో ఒకటి ఉండాలె, అంతే."

ఈ మాట నేను మా హేతువాద సభల్లో చెప్పేదే. దుకాణాల పేర్లకు అక్షరాలు కలిపి డబ్బు గుంజే సంఖ్యాశాస్త్రం వాళ్ల మీద మా కాలనీలో సభ పెట్టినప్పుడు కూడా ఇదే చెప్పాను. బాపు వెనక వరసలో కూర్చొని విన్నాడు.

"నీ పేరు నీకున్నది గనుక గట్లంటున్నవ్," అన్నాడు.

చివరికి మనవరాలి కోసం ఒప్పుకున్నాడు. ఇంట్లో తర్ఫీదు మొదలైంది. అమ్మాయి నా కళ్లజోడు పెట్టుకొని ఆఫీసరు అయింది. "నీ పేరు?" బాపు తన సొంత పేరే చెప్పేవాడు. "తప్పు తాతా! మళ్లా!" తాతకు ఇంకో పేరు ఉందని దానికి అప్పుడే తెలిసింది. అది నవ్వుతూ ఆ కొత్త పేరుతో ఆయన్ని పిలిచేది. ఆయన పలికేవాడు కాదు.

పాస్‌పోర్టు ఆఫీసులో పెద్దవాళ్లకు తోడుగా ఒకరిని లోపలికి రానిచ్చారు. కౌంటరు దగ్గర ఆ పేరు పిలిచారు. బాపు టక్కున లేచి చెయ్యెత్తి "హాజర్!" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. కౌంటరులో ఉన్న అమ్మాయి కూడా నవ్వింది. వేలిముద్రలు తీసింది. బొగ్గు పనికి అరిగిపోయిన వేళ్లు మూడుసార్లు పెడితే గానీ పడలేదు. ఆధార్ చూసింది. అంతా సాఫీగా జరిగిపోతోంది. తెర కేసి చూస్తూనే, అందరినీ అడిగే మాటే అడిగింది.

"పెద్దాయనా, మీకు వేరే పేరు ఏదైనా ఉందా? పాత పేరు, ముద్దుపేరు?"

దరఖాస్తులో నేను లేదని పెట్టాను. బాపు నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఉన్నదమ్మా," అన్నాడు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. తొందరపడకుండా, రాసుకునేవాళ్లకు అందేలా చెప్పాడు.

"మరి ఇక్కడ లేదని ఉంది కదా?"

"వాడు రాసిండు. నన్ను అడగలే."

"పేరు ఎప్పుడు మార్చుకున్నారు?"

"మార్చుకోలే. అదే నాది. గిది మా అన్నది."

"బాపూ!" అన్నాను. ఆయన వినలేదు.

ఆమె చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. "మీ అన్న ఎక్కడున్నారు?"

"లేడమ్మా."

లోపలి నుంచి పెద్ద అధికారి వచ్చాడు. ఎవరూ కసురుకోలేదు. రెండు పేర్లూ ఒకరివే అని రుజువు తెమ్మన్నారు. అప్పటిదాకా దరఖాస్తు ఆపుతామన్నారు. మర్యాదగానే కాగితాలు చేతికిచ్చారు.

తిరుగు బస్సులో సగం దారికి వచ్చాక అడిగాను.

"ఎందుకు చెప్పినవ్ బాపూ?"

"అడిగింది గద బిడ్డా." కిటికీ బయటికి చూస్తున్నాడు. "ఇన్నేండ్లల్ల ఏ ఆఫీసోడన్న అడిగిండా, నీకింకో పేరున్నదా అని? ఇయ్యాల అడిగింది. నోట్లెకెల్లి వచ్చింది."

"పాప ఎదురుచూస్తుంటది."

ఆయన రామగుండం పొగగొట్టాలు కనబడేదాకా గొంతులో కఫం సర్దుకుంటూ కూర్చున్నాడు.

తెలిసిన వకీలును అడిగాను. సొంత పేరు రుజువు చేస్తే, మరి గనిలో పనిచేసింది ఎవరు, పింఛను తింటున్నది ఎవరు అన్న ప్రశ్న వస్తుందన్నాడు, పింఛనే పోవచ్చన్నాడు. కంపెనీ పేరే నిలవాలంటే, కౌంటరులో చెప్పింది తప్పని, ఆ పేరు తనది కాదని బాపు సంతకం పెట్టాలి. కాగితం తయారు చేయించి తెచ్చాను. బాపు చదివించుకొని విన్నాడు. కలం తీసుకోలేదు. "గా పేరు నాది గాదని నేనే రాసియ్యాల్నా? మా అమ్మ పెట్టింది," అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే అమ్మాయి కోసం పెట్టేవాడేమో. ఏమో.

మంచిర్యాల కుర్రవాడు కొన్నాళ్లు ఫోన్ చేశాడు. ముగ్గురికే బుక్ చేయమంటారా సార్ అన్నాడు. "మీరు పోయిరాండ్రి, నాకేం ఫికర్ లేదు," అన్నాడు బాపు. "మామను ఇక్కడ వదిలి టబ్బులెక్కి కేకలు పెడ్దామా?" అంది నా భార్య, ఆయన వినకుండా. వానలు వచ్చాయి, పోయాయి. దసరా తర్వాత ఆయన దవాఖానలో పడ్డాడు. ఇప్పుడు ఇంట్లో మంచం పక్కనే ఆక్సిజన్ యంత్రం ఉంది. అమ్మాయి మొదట్లో ఏడ్చింది. తర్వాత అడగడం మానేసింది. ఆ వీడియో ఇప్పుడు చూడదు.

దేవుణ్ని నమ్మేవాళ్లకు తిట్టుకోవడానికి ఒకడైనా ఉంటాడు. నాకు ఎవరున్నారు? భయపడి పారిపోయిన పెద్దబాపునా, ఆకలికి ఆ చోట నిలబడ్డ బాపునా, ముఖం చూడకుండా హాజరు వేసుకున్న గుమాస్తానా, అడగాల్సిన ప్రశ్న అడిగిన ఆ అమ్మాయినా? ఎవరి దగ్గరికి వెళ్లినా కారణం దొరుకుతుంది. దారి దొరకదు. కారణం తెలిస్తే చాలు, మనిషి బాగుపడతాడని ఇన్నేళ్లు చెబుతూ వచ్చాను.

ఆ ఆఫీసులో ఆయన రెండు పేర్లూ ఒకచోట రాసి ఉన్నాయి. ఏ రోజు ఎవరు తీసి చూస్తారో, పింఛను ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. అందుకే పింఛను పడే రోజుల్లో ఫోన్‌లో చూసి చెబుతానన్నా వినడు. తానే రావాలంటాడు. ఆటోలో బ్యాంకుకు తీసుకెళ్తాను. మెట్ల దగ్గర రెండుసార్లు ఆగుతాడు. కుర్చీలో కూర్చొని ఆయాసం తగ్గేదాకా నేల చూస్తాడు.

లోపలి నుంచి మా పెద్దబాపు పేరు పిలుస్తారు. బాపు నా భుజం పట్టుకొని లేస్తాడు. చెయ్యెత్తుతాడు.