బుడగలొచ్చే సీసా

కరోనా తగ్గి రైళ్లు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, వానాకాలంలో, నాకు ఆ ఎస్కార్ట్ డ్యూటీ పడింది. అప్పటికి నేను బొగ్గు గనుల వైపు ఒక దవాఖానాలో ఛాతీ వార్డుకు సిస్టర్ ఇన్‌చార్జిని. మా దగ్గర కుదరని రోగిని పెద్ద ఆస్పత్రికి పంపడాన్ని రెఫరల్ అంటాం. వెంట నర్సు వెళ్లడం ఎస్కార్ట్. ఎవరూ సంతోషంగా ఒప్పుకునే డ్యూటీ కాదది. దారిలో డాక్టరూ మనమే, ఆయా మనమే, తిట్లు తినేదీ మనమే.

రోగి పేరు సమ్మయ్య అనుకుందాం. ఊరు ఏన్కూరు పక్కన. చాలా ఏళ్లు భూగర్భంలో రాయి డ్రిల్లు కొట్టిన మనిషి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, అవి గట్టిపడి, చివరికి ఒకవైపు చిల్లు పడింది. పీల్చిన గాలి ఆ చిల్లులోంచి బయటికొచ్చి, ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య నిండిపోతుంది. దాన్ని తీసేయకపోతే మనిషి ఊపిరాడక పోతాడు.

తీసే పద్ధతి చెబితే అందరికీ అర్థమవుతుంది. పక్కటెముకల మధ్య నుంచి ఒక ట్యూబు లోపలికి వేస్తారు. రెండో కొస నీళ్లున్న సీసాలో మునిగి ఉంటుంది. రోగి దగ్గినప్పుడు, ఊపిరి వదిలినప్పుడు ఛాతీలో చిక్కుకున్న గాలి బుడగలుగా బయటికి పోతుంది. నీళ్లు అడ్డం కాబట్టి తిరిగి లోపలికి రాదు. సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. బుడగలొస్తున్న ట్యూబును ఎన్నడూ మూయకూడదు. ఈ రెండు మాటలూ మాకు ట్రైనింగులో అక్షరాభ్యాసంలాంటివి.

సమ్మయ్య సీసాలో బుడగలు ఆగడం లేదు. అంటే చిల్లు మూసుకోవడం లేదు. హైదరాబాదులో మా వల్ల కాదన్నారు. చెన్నైలో ఒక సర్జన్ ఆపరేషన్ చేస్తానన్నాడు. అక్కడికి ప్రాణాలతో చేరితే ఆశ ఉంది, లేకపోతే లేదు. వార్డులో అందరికీ తెలిసిన సంగతే అది.

కొడుకు శ్రీకాంత్ భద్రాచలంలో గవర్నమెంటు ఉద్యోగి. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రంటే ప్రాణం. హైదరాబాదు నుంచి విమానం టికెట్లు తీసుకుని మరీ వచ్చాడు. విమానం ఎక్కొచ్చనే ఫిట్‌నెస్ కాగితం మీద మా ఛాతీ డాక్టరు సంతకం పెట్టనన్నారు. విమానం పైకి పోయేకొద్దీ లోపల గాలి ఒత్తిడి తగ్గుతుంది, కొండెక్కితే చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టు ఛాతీలో ఉన్న గాలి ఉబ్బుతుంది, మధ్యలో దించే దారి ఉండదు, రైలైతే ఏ స్టేషన్లోనైనా దించొచ్చు అని ఓపిగ్గా చెప్పారు. శ్రీకాంత్ మొహం నల్లబడింది. "గంటన్నరల పోయేదానికి రాత్రంతా రైల్ల ఎందుకు సార్, మా నాయనకు అంత టైముందా?" అన్నాడు. డాక్టరు గారు మాట మార్చలేదు. ఆయన చెప్పింది నిజమని ఇప్పటికీ అంటాను.

చివరికి ఒక ఏర్పాటు కుదిరింది. తండ్రి టికెట్ రద్దు చేసి, తన టికెట్ మీద శ్రీకాంత్ ముందుగా చెన్నై వెళ్లి మంచం సిద్ధం చేయించాలి. మేం ఖమ్మంలో రైలెక్కాలి. సీసా సంగతులన్నీ నేను శ్రీకాంత్‌ను వార్డులో కూర్చోబెట్టి చెప్పాను. చదువుకున్నవాడు, ఒక్కసారికే పట్టుకున్నాడు. అతను విమానంలో పోయాడు. రైల్లో తోడుగా రావాల్సినవాడు సమ్మయ్య అన్న కొమరయ్య.

మా అంబులెన్స్ ఏన్కూరులో ఆగితే వానలో తడుచుకుంటూ ఎక్కాడు. వెనక జాగా లేక డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అదే గనిలో పంపు ఆపరేటరుగా చేసి రిటైరై, ఇప్పుడు పత్తి వేసుకుంటున్నాడు. ఒళ్లో సద్దిగిన్నె. మూత ఊడకుండా సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీ చుట్టి ఉంది. భూగర్భంలో పని చేసినవాళ్ల సద్దులకు ఆ పట్టీ తప్పకుండా ఉంటుంది. తల్లాడ దాటే దాకా తమ్ముడికి ఇష్టమని చేసుకొచ్చిన చింతచిగురు పప్పు గురించే డ్రైవరుకు చెబుతున్నాడు. అద్దంలోంచి తమ్ముడి కాళ్లు తప్ప అతనికేమీ కనపడలేదు.

రైల్లో కింది బెర్తు సమ్మయ్యది. సీసాను కింద, బెర్తు కాలికి తాడుతో కట్టాను. ఆక్సిజన్ మాస్కు పెట్టి, నాడి చూసి, కొమరయ్యకు చెప్పాను: సీసా పైకెత్తొద్దు, కాలు తగలనీయొద్దు. "అవ్ సిస్టరమ్మా," అన్నాడు. చూపు మాత్రం సీసా మీది నుంచి కదల్లేదు. సమ్మయ్య రెండు ముద్దలు పప్పన్నం తిని, ఉప్పు తక్కువైందని అన్నను ఆట పట్టించాడు. ఎన్నో రోజుల తర్వాత అతను నవ్వడం చూశాను. వాళ్లిద్దరినీ చూస్తుంటే నాకూ ధైర్యం వచ్చింది. చేరిపోతాం అనుకున్నాను.

విజయవాడ దాటాక టీటీఈ గారు వెతుక్కుంటూ వచ్చారు. పక్క పెట్టెలో ఒకామెకు ఫిట్స్, బండి మొత్తంలో వైద్యం తెలిసినవాళ్లు మీరే కనిపించారు అన్నారు. సమ్మయ్య నెమ్మదిగా ఉన్నాడు, బుడగలు సరిగా వస్తున్నాయి. వెళ్లక తప్పదు, వెళ్లాను.

నేను తిరిగొచ్చేసరికి సమ్మయ్య బెర్తు మీద లేచి కూర్చుని రెండు చేతులతో గాలిని అందుకుంటున్నాడు. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. పెదాలు నల్లగా ఉన్నాయి. సీసా చూస్తే నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి, ఒక్క బుడగ లేదు. దుప్పటి తీసి ట్యూబు వెంట చెయ్యి పోనిచ్చాను. ఛాతీకి జానెడు దూరంలో ట్యూబును మడిచి, సద్దిగిన్నె రబ్బరు పట్టీతో కట్టి ఉంది. పంపు పైపుకు కట్టినట్టు, మెలిక మీద మెలిక.

కొమరయ్య జీవితమంతా చేసిన పని అదే. భూగర్భంలో పైపు దగ్గర ఎక్కడ బుడగ కనిపించినా కారుతున్నట్టే. చూసినవాడు కట్టకుండా దాటిపోకూడదు, అది అక్కడి నీతి. తమ్ముడి ఊపిరి కళ్లెదుట సీసాలోకి కారిపోతుంటే అతను ఎట్లా ఊరుకుంటాడు?

పట్టీ తెంపాను. సీసాలో నీళ్లు ఒక్కసారిగా మరిగినట్టు బుడగలు లేచాయి. సమ్మయ్య మొహంలో కొంచెం రంగు వచ్చినట్టే వచ్చి, తల వాలిపోయింది. నాడి లేదు. ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. టీటీఈ గారు ఫోన్లు చేసి ఒంగోలులో డాక్టరును ప్లాట్‌ఫారం మీదికి రప్పించారు. ఆయన టార్చి వేసి కళ్లు చూసి తల అడ్డంగా ఊపారు.

శ్రీకాంత్‌కు నేనే ఫోన్ చేశాను. మంచం దొరికింది మేడం, నంబరు రాసుకోండి అని మొదలుపెట్టాడు. విషయం చెప్పాను. అతను ఒకటే అన్నాడు: "విమానమైతే నా పక్కన ఉండేటోడు." నా దగ్గర జవాబు ఉంది. ఆ జవాబు చెబితే నేనూ బయటపడతాను, డాక్టరు గారూ బయటపడతారు. ఎదురుగా ప్లాట్‌ఫారం బెంచీ మీద ఖాళీ సద్దిగిన్నె పట్టుకుని అతని పెదనాన్న కూర్చుని ఉన్నాడు. నేను చెప్పలేదు.

తిరిగి వచ్చాక జరిగింది జరిగినట్టు డాక్టరు గారికి చెప్పాను. ఆయన, పట్టీ కట్టడం వల్లే ఇలా అయిందని ఆ ముసలాయనకు తెలియాల్సిన పని లేదన్నారు. శ్రీకాంత్ పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. విమానం ఎందుకు వద్దన్నారని డాక్టరు గారిని పిలిచి అడిగారు. ఆయన విమానం గురించి అడిగినదానికే జవాబిచ్చి వచ్చారు.

నా రిటైర్మెంటుకు ముందు కొమరయ్య దగ్గుతో మా ఓపీకి వచ్చాడు. పని అయ్యాక కూడా వెళ్లకుండా నా టేబుల్ దగ్గర నిలబడ్డాడు. జనం తగ్గేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "నేను గట్టిగనే కట్టిన సిస్టరమ్మా. నువ్వు ఇప్పంగనే గాలంతా ఒక్కసారే పాయె. మా తమ్ముడు గప్పుడే పాయె. అయినా నువ్వు కావాల్నని చేసినవా, జల్దీల తెల్వక ఇప్పినవ్. నీ నౌకరి పోతదని మా శ్రీకాంత్‌కు గూడ నేను చెప్పలే."

అవునన్నా, నీ పుణ్యం అన్నాను. ఇంకేమంటాను?

కొమరయ్య పోయిన ఏడాది చనిపోయాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మార్చాను గానీ శ్రీకాంత్ చదివితే గుర్తుపడతాడు. గుర్తుపట్టనీ. రైలు తప్పు కాదని అతనికి తెలియాలి. అతని పెదనాన్న తప్పూ కాదని అంతకంటే ఎక్కువ తెలియాలి.

సమ్మయ్య పోయిన తర్వాత, రిటైరయ్యే దాకా చేసిన ప్రతి ఎస్కార్ట్‌లో, బండి కదలక ముందే, తోడొచ్చిన వాళ్లందరినీ సీసా చుట్టూ కూర్చోబెట్టేదాన్ని. చెడుగాలి పోతేనే బుడగ వస్తుంది, బుడగ వస్తున్నంతసేపూ ట్యూబు ముట్టొద్దు అని చెప్పి, ఆ మాట ఒక్కొక్కరితో తిరిగి చెప్పించేదాన్ని. కొత్త సిస్టర్లకూ అదే నేర్పాను. సీసా దగ్గర ఏం చేయకూడదో చెబితే చాలదు, బుడగ ఎందుకొస్తుందో చెప్పాలి. అందరికంటే చివర ఎక్కిన మనిషికి ముందు చెప్పాలి.