డాక్టరు రాసిచ్చిన సంగటి

చక్కెర జబ్బు బయటపడిన రోజు నాకు భయం వేసింది జబ్బును చూసి కాదు, సూదిని చూసి. రక్తం తీయడానికి నర్సమ్మ వస్తేనే కళ్లు మూసుకుని గోడవైపు తిరిగే మనిషిని నేను. డాక్టరు కాగితం చూసి, మూడు నెలలు మాత్రలు వేసుకుని తిండి మార్చుకోమన్నాడు. అప్పటికీ తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూది తప్పదన్నాడు. నా పొట్టలో నేనే పొడుచుకోవాలట. యాభై ఏళ్ల మగాణ్ణి, కర్నూలు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఏడుపు ఆపుకున్నాను.

నాది తిరుగుడు ఉద్యోగం. నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలకు అరగదీసే రాళ్లు, కోత బ్లేడ్లు అమ్ముతాను. సోమవారం బేతంచెర్ల, బుధవారం మైదుకూరు మీదుగా కడప. ఫ్యాక్టరీ యజమాని ఎప్పుడు కనికరిస్తే అప్పుడే నాకు మధ్యాహ్నం. ఫోన్లో ఆరోగ్య సలహాలిచ్చే మహానుభావులు చెప్పినట్టు పొద్దున మొలకలు, పదకొండింటికి బాదంపప్పులు, ఒంటిగంటకు కీరదోస ముక్కలు తినాలంటే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవాలి. అయినా నా భార్య మొదటి వారం మొలకలు డబ్బాలో పెట్టిచ్చింది. బేతంచెర్ల ఎండకు కార్లో అవి మధ్యాహ్నానికే పులిసిపోయాయి. కీరదోస ముక్క పళ్ల కింద కరకరలాడింది గానీ, ఆ చప్పుడు కీరది కాదు, రాతి దుమ్ముది.

ఈ గోడంతా డాక్టరు దగ్గర వెళ్లబోసుకున్నాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఓపికగానే విన్నాడు.

"మరి దారిలో ఏం దొరుకుతుందండీ?"

"సంగటి దొరుకుతుంది సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. "రాగి సంగటా? అంతకంటే మంచిదేముందండీ. అన్నం మానేసి అదే తినండి" అని కాగితం మీద రాసి, కింద గీత కూడా గీశాడు.

ఇక్కడే కొంప మునిగింది. ఆయన దృష్టిలో సంగటి అంటే రాగులు. మా వైపు సంగటి అంటే ముందు ఎసట్లో బియ్యం పోసి మెత్తగా ఉడికించి, ఆ పైన రాగిపిండి వేసి తెడ్డుతో కెలికి కట్టిన ముద్ద. హోటల్లో అయితే పిండి రంగుకోసమే. ఇది నాకు తెలియదా అంటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. డాక్టరే గీత గీసి ఇచ్చాక కాదనడానికి నేనెవణ్ణి?

మైదుకూరు దాటాక రోడ్డు పక్కన రేకుల కప్పు కింద ఒక హోటలుంది. నడిపేది నాకంటే నాలుగేళ్లు పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను. అక్కడ కూర్చుని, రెండు ముద్దలు వేయించుకుని, ఒక్కోదానికి మధ్యలో గుంట చేసి నెయ్యి పోయించుకుని, నాటుకోడి పులుసుతో వైద్యం మొదలుపెట్టాను. మిగతా రోజుల్లో ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో అదే మందు. నా భార్య ఫోన్ చేసి "ఏం తిన్యావు?" అంటే, "డాక్టరు చెప్పిందే" అనేవాణ్ణి. ఇంత నిజాయితీగా అబద్ధం ఆడడం నా జీవితంలో అదే మొదలు.

రెండు నెలలకు పరీక్ష చేస్తే చక్కెర పెరిగింది.

"రోజూ సంగటే తింటున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఒక్క పూట తప్పలేదు సార్."

పాపం ఆయన తల గోక్కున్నాడు. తర్వాత సొరుగులోంచి ఇన్సులిన్ సూది తీసి, ఇంకో నెలలో తగ్గకపోతే ఇదేనని చూపించాడు. చిన్నదే. నేను మాత్రం గోడవైపు తిరిగాను.

ఆ బుధవారం హోటల్లో ముద్ద వడ్డిస్తుంటే అడిగాను. "అక్కా, సంగట్లో బియ్యం ఎంతేస్తావు?"

"బియ్యమే శానా. ఉత్త పిండితో జేస్తే ఎవురు తింటారప్పా? ఎందుకు అడగతాండావు?"

చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టి నడుము మీద చేతులేసుకుంది. "చక్కెర పెట్టుకోని రెండేసి ముద్దలా?"

"డాక్టరు తినమన్యాడక్కా."

"డాక్టరు తినమన్యాడా, నువ్వే తినాలనుకున్యావా?"

ఎంత చదువుకున్న డాక్టరూ అడగని ప్రశ్న అది. ఆ రోజు నుంచి నా ముద్ద వేరైంది. ఉత్త రాగిపిండి, గుప్పిట్లో పట్టేంత, గిన్నెడు ఆకుకూర పప్పు. "దువ్వూరు కాడ్నించి ఫోన్ జెయ్యి, ఎసరు పెడతా" అనేది. రుచి సంగతి అడక్కండి. పళ్లకు బంకలా అంటుకునేది. మిగతా రోజుల్లో నా భార్య జొన్నరొట్టెలు కట్టిచ్చేది, అవి బేతంచెర్ల ఎండకు కూడా చెడవు.

నెల తిరిగేసరికి చక్కెర దిగింది. డాక్టరు సంబరపడిపోయాడు. "చూశారా, నేను చెప్పలా? సంగటి పనిచేసింది." అవును సార్ అని దండం పెట్టి బయటపడ్డాను.

అక్కకు చెప్పాలని మరుసటి బుధవారం ఉత్సాహంగా వెళ్లాను. ఆమె పొయ్యి పక్కన కూర్చుని టీ తాగుతోంది. గ్లాసు అడుగున కరగని చక్కెర కనబడుతోంది.

"ఇది ఎన్నో టీ అక్కా?"

"లెక్క యాడుండాది. మీరందరూ తిని పోయేతలికి నాలుగు గంటలయితాది. అంతవరకూ దీంతోనే." పాదాలు రుద్దుకుంటూ అంది. "కాళ్లు తిమ్మిరి పడతాండాయి ఈ మధ్య."

నా సంచిలో వేలు పొడిచి చక్కెర చూసే మిషనుంది. నా భార్య కొనిపెట్టింది, సూదికి భయపడి నేనెప్పుడూ మూత తీయలేదు. ఆమె వేలు పట్టుకుని పొడిచాను. కళ్లు మూసుకున్నది నేనే, ఆమె వేలు కదల్లేదు. మిషను చూపిన అంకె నా జీవితంలో అతి చెడ్డ అంకె కంటే పెద్దది.

"ఎంతుండాదప్పా?"

మిషను పాడైందని చెప్పాలనిపించింది. అబద్ధాలు నాకు బాగా అలవాటే. ఆమె ముందు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నాకోసం వేరే ముద్ద వండడానికి తీరిక చేసుకున్న మనిషి, తను ఇంత తినడానికి చేసుకోలేదు. అది ఇన్ని బుధవారాల్లో నా కంటబడనే లేదు. సిగ్గేసింది.

"ఇప్పుడే కడపకు పోతాండా అక్కా. కార్లో కూచో, పెద్దాసుపత్రికి పోదాం."

"హోటలు?"

"ఒక్క పూట మూసెయ్యి."

బయట లారీ ఆగింది. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. "మూస్తే మీరంతా యాడ తింటారప్పా?" అంటూ నా ముందు ఆకు వేసి, నీళ్లు చల్లింది.

ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. కానీ నాకు చాలా ఆకలిగా ఉంది.